చిట్టెలుక గుండెకు మనం బాకీ

 

ఈసారి ధ్యానం కొంచెం వేరే దారిలో పోతుంది. ఎలుకల గురించి రాస్తున్నాం. నవ్వకండి, ఓపికపట్టి చదవండి.

వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, మన పాళెంలో మగవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు గనుక ఆదివారం మందిరం నిండుతుంది. చదువులకు పోయిన పిల్లలు కూడా ఆ రోజుల్లోనే ఇళ్ళకు వస్తారు. అలా వచ్చిన మన సంఘపు అమ్మాయి ఒకరు, ఫార్మసీ చదివి హైదరాబాదులో పరిశోధన చేస్తున్న బిడ్డ, ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి మా వరండాలో కూర్చుంది. అమ్మగారు ఇచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుంది గానీ తాగలేదు.

"అయ్యగారూ, నేను వారం వారం చిట్టెలుకల్ని చంపతన్నా. అదే నా పని. అది పాపమా కాదా, మీరు చెప్పాల" అంది.

మేము మామూలుగా చెప్పే జవాబే చెప్పాం. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు మనిషికి జీవుల మీద ఏలుబడి ఇచ్చాడు గదమ్మా అన్నాం.

"అది నాకు తెలుసు అయ్యగారూ. సండే స్కూల్లో మీరే నేర్పించారు. నేను అడిగేది అది కాదు."

ఆ మాట మమ్మల్ని చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆ అమ్మాయి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాం. పేరు మాత్రం వద్దంది.

ఆమె చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. పాటల కాగితం వెనుక బొమ్మ గీసి మాకు వివరించింది. మన ఇళ్ళల్లో తిరిగే చుంచు జాతిదే, కాకపోతే ల్యాబులో పెంచినది. దాని గుండె ఒక శనగగింజ బరువు ఉంటుందట. మన గుండె నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు కొట్టుకుంటే, అది 500, 600 సార్లు కొట్టుకుంటుంది. ఎలుకకు మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా మందు వేసి, సన్నని గొట్టంతో ఊపిరి ఆడిస్తూ ఛాతీ తెరుస్తారు. గుండె ఎడమ వైపుకు రక్తం తీసుకుపోయే నాళం చుట్టూ వెంట్రుకంత దారం తిప్పి బిగిస్తారు. ఆ వైపు కండరానికి రక్తం ఆగిపోతుంది. మనిషికి గుండెపోటు వచ్చినప్పుడు జరిగేది ఇదే, కాకపోతే అక్కడ దారానికి బదులు రక్తపు గడ్డ. అరగంట ఆగి దారం వదులుచేస్తారు. రక్తం మళ్ళీ పారుతుంది. మరుసటి రోజు ఆ గుండెను తీసి, పలుచని ముక్కలు కోసి, ఒక రంగుమందులో ఉంచితే, బతికి ఉన్న కండరం ఎర్రగానూ చచ్చిపోయిన కండరం తెల్లగానూ కనబడుతుందట. ఆ తెలుపు ఎంత ఉందో కొలుస్తారు. ఏ మందు ఇస్తే తెలుపు తగ్గిందో రాసుకుంటారు. అదీ సంగతి.

"ఇంకో మాట అయ్యగారూ" అంది. "మా పేపర్లలో ఎలుకను చంపాము అని ఎవ్వరూ రాయరు. శాక్రిఫైస్ చేశాము అని రాస్తారు."

బలి! ఆ మాట విన్నప్పుడు మాకు ఒళ్ళు ఝల్లుమంది. మేము ఇరవై ఏళ్ళుగా పులిపీట మీద నిలబడి చెప్పే మాటను ల్యాబుల్లో ఇంత తేలికగా వాడుతున్నారని మాకు తెలియదు.

బోధకులకు ఇక్కడ ఒక శోధన ఉంది. ఎలుక మన కోసం చనిపోయింది, క్రీస్తు కూడా మన కోసం చనిపోయాడు అని రెండింటినీ ముడివేసి ఒక ప్రసంగం అల్లేయవచ్చు. జనం ఆమేన్ అంటారు కూడా. మేము అది చేయము. గొఱ్ఱెపిల్ల తనంతట తానే ప్రాణం పెట్టాడు. చిట్టెలుకను ఎవరూ అడగలేదు. దాన్ని బలి అనడం మన చేతికి అంటిన రక్తాన్ని మంచి మాటతో తుడుచుకోవడమేనని మా అభిప్రాయం.

లేవీయకాండము తెరిచి చూడండి. బలి తెచ్చినవాడు ఊరికే నిలబడడు. ఆ పశువు తల మీద చెయ్యి ఉంచాలి. ఇది నా కోసం పోతున్న ప్రాణం అని అతని అరచేతికి తెలియాలి. పదిహేడవ అధ్యాయం ప్రాణానికీ రక్తానికీ ఉన్న ముడిని చెబుతుంది. ఆదికాండము తొమ్మిదవ అధ్యాయంలో దేవుడు నోవహుకు మాంసం తినడానికి అనుమతి ఇస్తూనే రక్తం విషయంలో హద్దు గీశాడు. అంటే అనుమతి ఉంది, లెక్క కూడా ఉంది. సామెతలు పన్నెండవ అధ్యాయంలో నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని ఉంది. నీనెవె పట్టణాన్ని ఎందుకు విడిచిపెట్టాడో యోనాకు చెప్పేటప్పుడు దేవుడు మనుషులను లెక్కపెట్టి ఆగలేదు, అక్కడి పశువులను కూడా గుర్తు చేశాడు. ఎవరూ అడగకుండానే గుర్తు చేశాడు. ఎలుక లేవీయకాండము ప్రకారం అపవిత్రమైన జంతువే, ఒప్పుకుంటాం. తినవద్దన్నాడు గానీ హింసించమనలేదు.

మనం చేపలు పట్టి బతికే జనం. వలలో పడ్డ చేప ఎలా గిలగిలలాడుతుందో మనకంటే ఎవరికి తెలుసు? వరి కాపాడుకోవడానికి పొలంలో ఎలుకలకు మందు పెడతాం. మన యానాది సోదరులు ఎన్ని తరాలుగానో గట్లు తవ్వి ఎలుకలు పట్టి రైతుల పంట నిలిపారు. క్రిస్మస్‌కు మేక కోయని ఇల్లు ఎన్ని? కాబట్టి హైదరాబాదు అమ్మాయి చేసేది పాపం, మనం చేసేది బతుకుతెరువు అనే హక్కు మనకు లేదు. పైగా ల్యాబులో మత్తు ఇస్తారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది, 1998లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. ఎన్ని ఎలుకలు కావాలి, ఎందుకు కావాలి, వేరే దారి లేదా అని ముందే రాసిచ్చి, సంస్థలోని నైతిక కమిటీ దగ్గర అనుమతి తీసుకోవాలి. మందు పెట్టిన పొలంలో ఎలుకను గురించి అడిగే కమిటీ ఏది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ చావుల వల్ల మనకు ఏం తెలిసింది?

1895లో జర్మనీలో ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ అనే ఆయన, జంతువు గుండెను శరీరం నుండి బయటకు తీసి, దాని పెద్ద నాళంలోకి గొట్టం ద్వారా వెచ్చని ద్రవం ఎక్కిస్తే అది బయట కూడా కొట్టుకుంటుందని చూపించాడు. గుండె తనలోపల నిండిన రక్తంతో బతకడం లేదు, తన గోడల్లోని సన్నని నాళాల్లో పారే రక్తంతో బతుకుతోంది అని అప్పుడు కళ్ళకు కట్టినట్టు తెలిసింది. ఈనాటికీ చిట్టెలుక గుండెను ఆయన పేరు పెట్టిన పద్ధతిలోనే వేలాడదీస్తారట. అదే 1895 జనవరిలో మన భీమవరంలో ఒక తెలుగు బిడ్డ పుట్టాడు, యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికా వెళ్ళి హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కనుక్కున్నారు. కండరం కదలడానికి ఖర్చుపెట్టే చిల్లర డబ్బు అది అనుకోండి. రక్తం ఆగినప్పుడు గుండె కణంలో అడుగంటేది ఈ చిల్లరే. ఆ సుబ్బారావు గారు 1948లో న్యూయార్కులో, 53 ఏళ్ళకే, గుండె ఆగి చనిపోయారు.

చిల్లర అయిపోయినంత మాత్రాన కణం వెంటనే చావదు. ఎంత సేపు ఆగుతుందో లెక్క చెప్పింది ఎలుకలు కాదు, కుక్కలు. అమెరికాలో రీమర్, జెన్నింగ్స్ అనే వైద్యులు 1977లో కుక్కల గుండె నాళాన్ని 40 నిమిషాలు, 3 గంటలు, 6 గంటలు కట్టి వదిలి చూశారు. చావు గుండె గోడ లోపలి పొరలో మొదలై, అల ఒడ్డుకు వచ్చినట్టు, గంట గంటకు బయటి పొర వైపు పాకుతూ పోయింది. ముందుగా వదిలిన గుండెలో బయటి పొరలు బతికాయి. ఆలస్యంగా వదిలిన గుండెలో చాలా తక్కువే మిగిలింది. గుండెపోటు అంటే ఒక్క దెబ్బతో అయిపోయేది కాదు, గడియారం పెట్టి నడిచే చావు అని అప్పుడు తెలిసింది.

1986లో ఇటలీ వైద్యులు 11,000 మందికి పైగా గుండెపోటు రోగులతో చేసిన జిస్సీ అనే పరీక్షలో, గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేస్ ఇంజెక్షన్ మొదటి గంటలో అందినవారికి అందరికంటే ఎక్కువ మేలు జరిగిందని తేలింది. 1988లో 17,000 మందితో చేసిన మరో పెద్ద పరీక్ష, రూపాయో రెండు రూపాయలో పెడితే దొరికే ఆస్పిరిన్ కూడా ప్రాణాలు నిలుపుతుందని చూపించింది. మన నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారు 1993లో హైదరాబాదులో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకాతో పేరు తెచ్చుకుంది గానీ, స్ట్రెప్టోకైనేస్ కూడా తయారుచేసిందని మనలో చాలామందికి తెలియదు. మందు ఇక్కడే తయారైంది. 2005 ఆగస్టు 15 నుండి 108 బండి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. జ్ఞానం ఉంది, మందు ఉంది, బండి ఉంది.

ఇప్పుడు మేము ఒక మాట ఒప్పుకోవాలి. ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది.

కొన్నేళ్ళ క్రితం మన సంఘ పెద్ద ఒకాయన, సముద్రం మీద నలభై ఏళ్ళు గడిపిన మనిషి, రాత్రి తొమ్మిది గంటల గృహకూడికలో ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. చెమటలు కారిపోతున్నాయి. దవడ లాగుతోందన్నాడు. ఒకసారి వాంతి అయింది. మేము యాకోబు పత్రిక ఐదవ అధ్యాయంలో చెప్పినట్టే నూనె రాసి ప్రార్థన చేశాం. ఎవరో పరుగెత్తి అంగట్లో గ్యాస్ బిళ్ళ, సోడా తెచ్చారు. కొంచెం తేలికపడినట్టు అనిపించింది. "గ్యాసేలే అయ్యగారూ, పొద్దునకి తగ్గిపోద్ది" అన్నాడు ఆయనే. స్తోత్రం చెప్పుకుని ఎవరి ఇళ్ళకు వాళ్ళం పోయాం. తెల్లవారుజామున ఐదింటికి ఊపిరి అందడం లేదని కబురు వచ్చింది. ఆసుపత్రి చేరేసరికి ఏడు. అక్కడి నుండి పెద్ద ఆసుపత్రికి పంపారు. నాళం తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది.

డాక్టరు గారు మమ్మల్ని పక్కకు పిలిచి, "నాళం తెరిచాం. కానీ కండరం చాలావరకు పోయింది. రాత్రే తెచ్చి ఉంటే..." అని ఆగిపోయారు. మామూలుగా అరవై దాకా ఉండాల్సిన గుండె పంపింగ్ ఇరవై ఐదు ఉందన్నారు.

ఆయన పదకొండు నెలలు బతికాడు. సముద్రం మీదికి పోలేదు. మందిరం అరుగు మీద కూర్చుని వలలు బాగుచేసేవాడు. నాలుగు ముళ్ళు వేసి ఆగి ఊపిరి తీసుకునేవాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. భూస్థాపన రోజున మేము నిలబడి, ఇది దేవుని చిత్తము అన్నాం.

ఆ మాటను ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నాం. నూనె రాయడం తప్పు కాదు, మళ్ళీ రాస్తాం. నూనె రాసి ఇంటికి పంపడం తప్పు. రెండవ రాజులు ఇరవయ్యవ అధ్యాయంలో దేవుడు హిజ్కియాకు ఇంకా పదిహేను సంవత్సరాలు ఇస్తానని మాట ఇచ్చాడు. మాట ఇచ్చిన తర్వాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. దేవుడే చెప్పాడు గదా, ఇంకా ముద్ద ఎందుకు అని ప్రవక్త అనలేదు. ఆ రాత్రి మాకు ఈ వాక్యం గుర్తు రాలేదు. ఒక ఫోను కొట్టడానికి పట్టే సమయం ఎంత?

ఆ డాక్టరు గారు అన్న మాట వెనుక ఏముందో ఈ అమ్మాయి కాగితం మీద గీసేదాకా మాకు తెలియదు. ఆ కుక్కలు, ఆ ఎలుకలు చచ్చి ఇచ్చిన లెక్కే ఆయన నోటి నుండి వచ్చింది. మా దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తొమ్మిది, పది గంటలు ఆలస్యమైంది.

డబ్బుంటే, పెద్ద ఊళ్ళో ఉంటే రాదనుకోకండి. 2022 ఫిబ్రవరి 21న మన జిల్లా మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు హైదరాబాదులో గుండెపోటుతో పోయినప్పుడు, అంత ఆరోగ్యంగా ఉండే మనిషికేమిటని జిల్లా అంతా ఆశ్చర్యపోయింది. ఆ జబ్బు ముఖం చూసి రాదు.

ఇంతకూ చిట్టెలుకల వంతు ఎక్కడ వచ్చింది? రక్తం ఆగడం ఒక గాయం. ఆగిన రక్తం తిరిగి రావడం ఇంకో గాయం. వినడానికి వింతగా ఉంటుంది. 1960లోనే జెన్నింగ్స్ బృందం కుక్కల గుండెల్లో ఇది గమనించింది. రక్తం తిరిగి పారిన వెంటనే కొన్ని కణాలు మరింత వేగంగా చెడిపోతున్నాయి.

రొయ్యల గుంటలు ఉన్నవారికి మేము వేరే చెప్పక్కర్లేదు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. మీరు టార్చి పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతారు. కానీ అడుగున చాలా రోజుల బురద పేరుకున్న గుంటలో ఒక్కసారిగా నీళ్ళు చిలికితే ఆ బురద కదిలి, దాని విషం పైకి వస్తుందని మీకు భయం ఉంటుంది. గుండె కణంలో కూడా దాదాపు ఇదే జరుగుతుందట. రక్తం లేని ఆ కొద్దిసేపట్లో కణం లోపల సక్సినేట్ అనే పదార్థం పేరుకుంటుంది. రక్తంతో బాటు ఆక్సిజన్ తిరిగి రాగానే అది ఒక్కసారిగా మండి, కణాన్ని లోపలి నుండి కాల్చే ఘాటైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. 2014లో ఇంగ్లండు శాస్త్రవేత్తల బృందం ఈ సంగతి ప్రచురించింది. చిట్టెలుక గుండెల మీదే ఇందులో ముఖ్యమైన పని జరిగింది. 1990ల నుండి చిట్టెలుకను ఎక్కువగా వాడటానికి కారణం, దాని జన్యువుల్లో ఒక్కొక్కదాన్నీ తీసేసి, ఏది లేకపోతే ఏమవుతుందో చూడగలగడం. కుక్కతో అది అంత సులువు కాదు.

అలాగని గుంట చెడుతుందేమోనని జనరేటర్ వేయని రైతు ఎవరైనా ఉన్నాడా? రక్తం తిరిగి వస్తే గాయమట గనుక ఆసుపత్రికి పోవద్దని ఎవరూ దీన్ని వక్రంగా చదవకండి. నాళం తెరవకపోతే మొత్తం పోతుంది. తెరిచాక పోయే ఆ కొంచెం కూడా ఎలా కాపాడాలనేదే పరిశోధన.

ఆ కొంచెం ఇంకా చేతికి చిక్కలేదు. ఇది దాచకుండా చెప్పాలి. సైక్లోస్పోరిన్ అనే మందు ఎలుకల గుండెల్లో మేలు చేసింది. 2008లో 58 మంది రోగుల మీద కూడా ఆశ చూపించింది. 2015లో దాదాపు వెయ్యి మందితో పెద్ద పరీక్ష చేస్తే ఏ మేలూ కనబడలేదు. చేతికి బీపీ పట్టీ కట్టి కాసేపు రక్తం ఆపి, మళ్ళీ వదిలి, ఇలా నాలుగుసార్లు చేస్తే గుండెకు రక్షణ వస్తుందన్న ఆశ కూడా అలాగే పోయింది. 2019లో ఐదు వేల మందికి పైగా రోగులతో చేసిన పరీక్షలో అది పనిచేయలేదు.

ఎందుకని అడిగితే ఆ అమ్మాయి నవ్వి, "మా ఎలుకలు కుర్రవి అయ్యగారూ. వాటికి షుగర్ లేదు, బీపీ లేదు, బీడీ తాగవు. రోజూ టైముకు తింటాయి. మన పాళెంలో అట్లాంటి మనిషిని చూపించండి" అంది. మేమూ నవ్వాం. తర్వాత నవ్వు రాలేదు.

అంటే అన్ని వేల ఎలుకలు వృథాగా పోయినట్టేనా? కొందరు క్రైస్తవులు, కొందరు జంతు ప్రేమికులు అలాగే అంటారు. వాళ్ళ వాదనను మేము తోసిపుచ్చము. అది నిలదీయాల్సిన ప్రశ్నే. షుగర్ ఉన్న, ముసలి ఎలుకల మీద చూడకుండా కుర్ర ఎలుకల మీద చూసి మందు దొరికిందని చాటడం తొందరపాటే. 1959లోనే రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రవేత్తలు మూడు సంగతులు చెప్పారు: జంతువుకు బదులు వేరేది వాడగలిగితే వాడు, తక్కువ సంఖ్యతో సరిపెట్టు, బాధ తగ్గించు. ఇవి సామెతల గ్రంథంలో చెప్పిన నీతిమంతుడు చేసే పనులే అని మాకు అనిపిస్తుంది.

అయితే పనిచేయదని తేలడం వృథా కాదు. నిజంగా వృథా అయ్యేది అబద్ధం రాసినప్పుడు. 2012లో అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయం తమ దగ్గరి గుండె పరిశోధకుడు ఒకాయన పనిని తనిఖీ చేసి, 145 చోట్ల లెక్కలు, బొమ్మలు కల్పించడమో మార్చడమో జరిగిందని బయటపెట్టింది. ఆ రోజున మాకు తోచింది ఒక్కటే. జంతువును చంపి, అది ఇచ్చిన సాక్ష్యాన్ని కూడా మార్చేస్తే, అది రెండుసార్లు చచ్చినట్టు. అబద్ధ సాక్ష్యము కూడదన్న ఆజ్ఞ కోర్టు మెట్లు ఎక్కినవారికే కాదు, ల్యాబు పుస్తకంలో అంకె వేసేవారికి కూడా.

కాబట్టి మా అభిప్రాయం ఇది, ఒప్పుకోనివారు ఆదివారం మాతో వాదించండి. ఆ అమ్మాయి చేసే పని పాపం కాదు. తేలికైన పని కూడా కాదు, తేలికగా చేయకూడదు. చంపాను అన్న మాటను చంపాను అనే రాయగలిగితే మంచిది. కాగితం మీద కుదరకపోతే మనసులోనైనా. తెల్ల కండరం ఎంత వచ్చిందో అంతే రాయాలి, గైడుకు నచ్చినా నచ్చకపోయినా.

ఆమెకు ఈ మాటలు ఫోనులో చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు నేను ఎలుకను చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక క్షణం అరచెయ్యి దాని మీద పెట్టి ఉంచుతా అయ్యగారూ. మత్తు ఇచ్చేముందు. అది బెదరకుండా ఉంటది" అంది. మేము లేవీయకాండము సంగతి ఆమెకు అప్పటికి చెప్పలేదు.

ఇక మన సంగతి. ఆ పరిశోధకుల లెక్క గురించి ఇంతసేపు మాట్లాడాం గానీ, ఆ చావులకు ఎక్కువ బాకీ ఉన్నది మనం. వాళ్ళు తెలుసుకున్నదాన్ని మనం సోడాలో కలిపి తాగేస్తున్నాం.

పాళెం కాపుతో, పెద్దలతో పోయిన శుక్రవారం మాట్లాడాం. మన పాళెంలో దురాయి వేస్తే దాటేవాడు లేడు. వేట మీద, వలల మీద, తగాదాల మీద ఎన్నో దురాయిలు వేసుకున్నాం. ఈసారి ఛాతీ నొప్పి మీద ఒకటి వేయమని అడిగాం. ఛాతీలో బరువు, చెమట, ఎడమ చెయ్యి గానీ దవడ గానీ లాగడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది వచ్చినా మొదట 108కి ఫోను. బండి దూరంగా ఉందంటే ఊళ్ళో ఎవరి బండి ముందుంటే అది కదలాలి, ఎవరిదని అడగకూడదు. డీజిలు డబ్బులు సంఘం ఇస్తుంది. ఆడవాళ్ళకు నొప్పి అంతగా తెలియకుండా ఆయాసం, వాంతి, నీరసంతో కూడా రావచ్చని నర్సమ్మ చెప్పింది గనుక ఆమెకు ఏమీ కాదులే అనుకోవద్దు. షుగర్ ఉన్నవారి విషయంలోనూ అంతే. గ్యాసా కాదా అనేది ఈసీజీ తీసినవాళ్ళు చెబుతారు, మేము కాదు. ప్రార్థన బండిలో చేద్దాం. పెద్దలు సరేనన్నారు. ఒక పెద్దాయన మాత్రం, గ్యాస్ అని తేలితే డీజిలు ఎవరు కట్టాల అని అడిగాడు. అప్పుడు కూడా సంఘమే కడుతుందన్నాం. గ్యాస్ అని తేలితే స్తోత్రార్పణ వేసుకుందాం అన్నాం. అందరూ నవ్వారు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి, గుండె ఆగినప్పుడు ఛాతీ ఎలా నొక్కాలో చూపిస్తుంది. నలభై దాటినవారు బీపీ, షుగర్ చూపించుకోండి. భోజనం సంఘమే పెడుతుంది, చేపల పులుసు.

మందిరం గోడ మీద 108 కింద మూడు ఫోను నంబర్లు రాయించాం. మూడవది మాది. రాత్రి ఎన్ని గంటలైనా ఎత్తుతాం. ఎత్తకపోతే వరండా తలుపు కొట్టండి. మా కుక్క అరుస్తుంది గానీ కరవదు.